కప్పమంటే కట్టాడు

ఇళ్లు మారేవాళ్ల సామాన్లు కట్టడంలో అతన్ని మించినవాడు లేడని గోడౌన్‌లో అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్లు కూడా అద్దాల బీరువా వచ్చిందంటే అతన్నే కేకేస్తారు. అసలు పేరు హాజరు వేసే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ముడి అంటారు. వయసులో చిన్నవాళ్లయితే ముడిబాబాయ్ అంటారు. అతను వేసిన ముడి ఊడదు. లారీ గుంతలో పడి ఎగిరినా, డ్రైవరు బ్రేకు మీద లేచి నిలబడ్డా, లోపలి అద్దం అద్దంలాగే దిగుతుంది. కాకపోతే దానికో చిక్కుంది. ఆ ముడి విప్పడం అతని వల్ల కూడా కాదు. సామాను దించిన చోట కత్తి తియ్యాల్సిందే.

"నీ తాడు ఒక్కసారికే పనికొస్తుంది ముడీ! నీ పుణ్యమా అని తాళ్ల కొట్టువాడు మేడ కట్టాడు," అని డ్రైవరు ఏడిపిస్తుంటాడు.

"విప్పడం నా పని కాదు. కట్టడమే నా పని," అంటాడు ముడి, మొహంలో నవ్వు కనపడనివ్వకుండా.

చదువు ఒంటబట్టకముందే బడి వదిలేసి మార్కెట్‌లో మూటల కిందకి చేరినవాడు. అప్పట్నుంచీ ఏదో ఒకటి మోస్తూనే ఉన్నాడు. ఇప్పుడు నడుము వంగితే లేవడానికీ, లేస్తే వంగడానికీ బతిమాలించుకుంటోంది. మోసే ఓపిక సన్నగిల్లాక కట్టే పనిలోకి మార్చారు. అందులో ఇంత పేరొస్తుందని అతనూ అనుకోలేదు. ఇన్నేళ్లలో అతనికి కుదిరిన నమ్మకం ఒక్కటే. లోకంలో దానంతటది పాడయ్యే వస్తువంటూ లేదు, సరిగ్గా కట్టకపోతేనే పాడవుతుంది.

ఈ నమ్మకం ఇంట్లో పనిచెయ్యలేదు.

అతని భార్య బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో ఇస్త్రీ విభాగంలో పనిచేసేది. రోజంతా ఆవిరి మధ్య నిలబడేది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఇస్త్రీ చేస్తున్న చొక్కా ఆమెకి రెండు చొక్కాలుగా కనిపించింది. నిద్రమత్తు అనుకుని సూపర్‌వైజరు తిట్టాడు. ఆమె కూడా అదే అనుకుని మొహాన చన్నీళ్లు కొట్టుకుంది. కొన్నాళ్లకి కాలు తిమ్మిరెక్కింది. తర్వాత చేతిలోంచి వస్తువులు జారిపోవడం మొదలైంది. ఆస్పత్రులన్నీ తిరిగాక ఒక డాక్టరు అర్థమయ్యేలా చెప్పాడు.

"కరెంటు వైరు మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది చూశావా, నరాలకీ అలాంటిదే ఉంటుంది. ఈవిడకి అది అక్కడక్కడా ఊడిపోతోంది. ఒళ్లు వేడెక్కితే ఇంకా ఇబ్బంది. మామూలుగా చల్లబడగానే పోయిన బలం తిరిగి రావాలి. ఈవిడకి పూర్తిగా రావడంలేదు. వేడి తగలనివ్వొద్దు."

వేడి తగలనివ్వొద్దట! వాళ్లుండేది రేకుల ఇల్లు. ఒక గది, వెనక వంటిల్లు, దాని వెనక మురికికాలవ పారే సందు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ గదిలో గోడకి వీపు ఆనిస్తే ఉలిక్కిపడి లేవాల్సిందే. అలాంటి ఇంట్లో ప్రతి ఎండాకాలం వచ్చి ఆమె దగ్గర్నుంచి ఏదో ఒకటి పట్టుకుపోయింది. ఒక ఏడాది కుడిచేతి వేళ్లు పోయాయి, జాకెట్టు హుక్కు పెట్టుకోలేని స్థితికొచ్చింది. ఇంకో ఏడాది ఒక కంటి చూపు మసకబారి అలాగే ఉండిపోయింది. మిగిలిందల్లా నడక. అది కూడా ఏం నడకని, గోడ పట్టుకుని మంచం నుంచి వంటింటి దాకా. అయినా నడకే. తన టీ తను పెట్టుకునేది. తన స్నానానికి తను వెళ్లేది. "నన్ను ఎవరూ ఎత్తి కూచోబెట్టక్కర్లేదు," అని పక్కింటి పిన్నితో కాస్త గర్వంగానే చెప్పేది.

అలాంటప్పుడు వచ్చింది ఏసీ. ఒక పెద్దింటివాళ్లు ఇల్లు మారుతూ, పాతదాన్ని కొత్తింటికి మోయించడం దండగ, తీసి పారెయ్యమన్నారు. ముడి దాన్ని పారెయ్యలేదు. బొంతల్లో చుట్టి, రిక్షా ఎక్కించి, పసిబిడ్డని ఆస్పత్రి నుంచి తెచ్చుకున్నట్టు ఇంటికి తెచ్చుకున్నాడు. పక్కవీధి మెకానిక్ వచ్చి లోపలి పెట్టెను మంచం ఎదురుగా గోడకి బిగించాడు. అవుట్‌డోర్ అనే బయటి పెట్టెను కాలవ సందులో గోడకి ఇనప చట్రం కొట్టి కూచోబెట్టాడు. ఈ మెకానిక్ మొదటిరోజే ఆమెను అక్కా అన్నాడు. ఆ వరసన ముడి బావ అయ్యాడు. బావ అయ్యాక ఇక మాటలకి అడ్డేముంది?

"ఇది నాకంటే పాతది బావా. మర్యాదగా చూసుకో, కోప్పడితే మంచం ఎక్కుతుంది," అన్నాడు మెకానిక్.

కానీ మంచం ఎక్కలేదు. ఆ ఎండాకాలం అంతా గరగరమంటూనే పనిచేసింది. ఎండలు పోయి మొదటి వాన పడ్డరోజు ఆమె గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. ఎడమచెయ్యి చాపి చూసుకుంది. కాళ్లు చూసుకుంది.

"ఏమయ్యా, ఈ ఏడు ఏదీ పోలేదు," అంది.

అతను వంటింట్లోకెళ్లి కాసేపు నిలబడి వచ్చాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మెకానిక్ వచ్చి, బయటి పెట్టె తుడిచి, పోతూ పోతూ ఒక మాటన్నాడు.

"చలికాలం అంతా వాడవు కదా బావా, అవుట్‌డోర్ మీద ఏదన్నా కప్పు. పిన్ని గారి మేడమీంచి చెత్తాచెదారం దాని నెత్తినే పడుతోంది."

కప్పు. మెకానిక్ మనసులో ఉన్నది ఒక రేకుముక్కో, చెక్కముక్కో పైన పెట్టి, ఎగిరిపోకుండా ఓ రాయి ఉంచడం. పక్కలు తెరిచే ఉండాలని వేరే చెప్పాలా అనుకున్నాడు. కానీ ఏళ్లతరబడి సామాన్లు కట్టినవాడికి కప్పడం అంటే తెలిసింది ఒకటే.

మరుసటి సెలవురోజు ముడి నిచ్చెన వేశాడు. గోడౌన్ నుంచి బీరువాలకి చుట్టే బొంతలు తెచ్చాడు. అవి అంతకుముందు లోడులో వానకి తడిసినవి, పైకి ఆరినట్టే ఉన్నాయి. వాటిని పెట్టెకి నాలుగువైపులా మెత్తగా దోపాడు. దానిమీద సాగే ప్లాస్టిక్ కాగితం చుట్టలు చుట్టలుగా, ఎక్కడా సందు లేకుండా లాగి చుట్టాడు. దానిమీద టార్పాలిన్. దానిమీద తాడు అడ్డంగా, నిలువుగా, మూలగా. చివర్న తన ముడి. పనంతా అయ్యాక అరచేత్తో రెండుసార్లు తట్టి చూశాడు. ఏ లారీ ఎక్కించినా సరే, ఏ ఊరు పంపినా సరే, చెక్కుచెదరదు.

ఆమె వంటింటి కిటికీలోంచి చూస్తూ నవ్వింది. "పసిపిల్లకి స్వెట్టరు తొడిగినట్టు తొడిగావు. ఊపిరాడుతుందా దానికి?"

"దానికి ఊపిరెందుకే?"

"ఏమో, నన్నిలా కడితే నాకాడదు."

"నిన్ను కట్టేవాడెవడే! నోటికెలా కట్టాలో ఇంతవరకూ ఎవడూ కనిపెట్టలేదు."

చలికాలం అంతా పనికెళ్లేటప్పుడు సందులోకి ఓసారి తొంగి చూసేవాడు. ముడి బిగువుగా ఉండేది. మనసు నిమ్మళంగా ఉండేది.

ఎండలు ఇంకా ముదరకముందే మెకానిక్‌ని పిలిపించాడు. ముందే సర్వీసింగ్ చేయించుకోవాలి, ఎండలు ముదిరాక వాడు దొరకడు. అతనొచ్చిన రోజు ఆమె పొద్దున్నే జడ వేయించుకుని, మంచం మీద దిండు ఆనుకుని కూచుంది. చుట్టమొస్తున్నట్టే ఉంది ఇంట్లో.

మెకానిక్ సందులోకి వెళ్లి తలెత్తి చూసి ఆగిపోయాడు.

"ఇదేంటి బావా, పార్సిలు? ఎవరికి పంపిస్తున్నావ్?"

"నువ్వే కదా చలికాలం కప్పమన్నావ్."

మెకానిక్ నిచ్చెనెక్కి ముడి పట్టుకుని లాగాడు. గోళ్లతో పీకాడు. స్క్రూడ్రైవరు దూర్చాడు.

"విప్పు బావా, నీ ముడి నువ్వు విప్పు."

"కొయ్యాలి," అన్నాడు ముడి కత్తి అందిస్తూ.

తాడు తెగింది. టార్పాలిన్ జారింది. ప్లాస్టిక్ కాగితం లోపలివైపు చెమ్మ పట్టి పాలలా తెల్లగా ఉంది. కత్తి దిగేసరికి లోపల్నుంచి నీళ్లు బొటబొటా కారాయి. వాటి వెనకే వాసన. పక్క మేడమీద బట్టలు ఆరేస్తున్న పిన్ని ముక్కు మూసుకుంది.

"ఏంటయ్యా ఆ కంపు! లోపల ఎవర్నన్నా చంపి కట్టావా?"

"నువ్వు లోపలికి పో పిన్నీ," అన్నాడు ముడి. అతని గొంతు అతనికే కొత్తగా వినపడింది.

బొంతలు నల్లగా బూజుపట్టి ముద్దయ్యాయి. వాటిలో ఎలుకలు కాపురం పెట్టాయి. మెత్తటి పరుపు, చుట్టూ గోడలు, పైన కప్పు, ఇంతకన్నా మంచి ఇల్లు వాటికి ఎవరిస్తారు? వైర్ల తొడుగు కొరికి రాగి బయటపెట్టాయి. మెకానిక్ ఆ వైరు పట్టుకుని చూస్తుంటే ముడికి డాక్టరు చెప్పిన నరాల తొడుగు గుర్తొచ్చింది. వెనకవైపు సన్నటి రేకుల వరస మీద తెల్లటి పొడి పేరుకుంది. మెకానిక్ వేలితో తాకాడు. రేకులు బూడిదలా రాలాయి. వాటి మధ్య నుంచి వెళ్లే రాగి గొట్టాలు ఆకుపచ్చగా కుళ్లి ఉన్నాయి.

మెకానిక్ నిచ్చెన మీదే కూచుండిపోయాడు. కిందికి చూసి, చిన్నగా అన్నాడు.

"కప్పమన్నాను బావా. కట్టమన్నానా?"

ముడి కిందపడ్డ తాడు ముక్కలు ఏరుతున్నాడు.

"పైన ఒక రేకు. అంతే. గాలాడాలి దానికి. తడి బొంతలు పెట్టి బిగిస్తే, కింద కాలవ ఆవిరొకటి... నాదే తప్పులే. నీతో కప్పు అని ఊరుకోకూడదు."

లోపల్నుంచి ఆమె గొంతు వచ్చింది. "తమ్ముడూ! ఎంతవరకొచ్చింది?"

"అయిపోవచ్చిందక్కా!" అని అరిచాడు మెకానిక్. అరిచాక ఆ మాటకి రెండో అర్థం తట్టి బావ మొహంలోకి చూడలేకపోయాడు.

అక్కడితో వదిలేసి వెళ్లిపోతే వెళ్లిపోవచ్చు. కానీ మెకానిక్ చొక్కా విప్పి పనిలో దిగాడు. కొరికిన వైర్లకి ముక్కలు అతికాడు. పట్టేసిన ఫ్యాన్‌కి నూనె పోసి, సుత్తితో నచ్చజెప్పి తిప్పాడు. అది మూలుగుతూ తిరిగింది. ఆ మూలుగు విని లోపల ఆమె చప్పట్లు కొట్టబోయింది. కుడిచెయ్యి సహకరించక ఎడమచేత్తో మంచంపట్టె మీద టపటపా కొట్టింది. ముడి ఆ చప్పుడు విన్నాడు. కొంచెం ఆశ కూడా పుట్టింది.

గొట్టాల్లో గ్యాసు చుక్క మిగల్లేదు. ఎక్కడ కారిందో చూడాలి. మెకానిక్ గొట్టాల్లోకి గాలి ఎక్కించి, చెంబులో సబ్బునీళ్లు కలిపి, నురగ తీసి రాగి మీద పూశాడు. చిల్లున్న చోట నురగ బుడగలా లేస్తుంది. ఒక బుడగ లేచింది.

"దొరికింది దొంగ," అన్నాడు మెకానిక్.

మంటపెట్టి ఆ చిల్లు మూశాడు. మళ్లీ గాలి, మళ్లీ నురగ. దాని పక్కనే ఇంకో బుడగ. దాన్నీ మూశాడు. ఈసారి మంట సెగకే పక్క గొట్టం విచ్చుకుంది. ముడి నురగ చెంబు పట్టుకుని నిలబడ్డాడు. బుడగ లేవకూడదని చూస్తున్నాడు. అది నిదానంగా, ఏ తొందరా లేకుండా ఉబ్బి, మీద ఆకాశం ముక్క చూపించి, టప్పున పగిలేది. దాని వెనకే మరోటి.

"బావా, ఇది గొట్టం కాదు, జల్లెడ," అన్నాడు మెకానిక్, చెయ్యి దించేసి.

"ఈ గొట్టాల చుట్ట, కాయిల్, కొత్తది వెయ్యలేమా?"

మెకానిక్ విడిభాగాల కొట్టుకి ఫోన్ చేశాడు. మోడలు పేరు చెప్పగానే అవతలివాడు నవ్వడం ముడికి కూడా వినపడింది. తర్వాత ముడి పని మానుకుని పాత ఇనప కొట్లన్నీ తిరిగాడు. ఏసీలు కుప్పలుగా ఉన్నాయి గానీ కాయిల్ ఒక్కదానికీ లేదు. రాగి కోసం ముందే ఊడబీక్కుపోతారట. కొత్త ఏసీ మాట వాళ్లిద్దరిలో ఎవరూ ఎత్తలేదు. అందని వస్తువు పేరెత్తి ఏం లాభం? గోడౌన్‌లో ప్రతి లోడులోనూ పాత ఏసీ ఉందేమో అని చూసేవాడు. ఉండేవి. ఈమధ్య అందరూ పాతవి కూడా పట్టుకుపోతున్నారు. తన చేతులతోనే వాటిని బొంతల్లో చుట్టి, ముడివేసి, లారీ ఎక్కించేవాడు.

చివరికి మెకానికే వచ్చాడు.

"ఉన్న చిల్లుల్లో మూయగలిగినవి మూసి గ్యాసు ఎక్కిస్తా. నడిచినంతకాలం నడుస్తుంది. అక్క చూస్తూ ఉంటే, నాకు చేతకాదని చెప్పి వెళ్లిపోలేకపోతున్నా."

"ఎన్నాళ్లు నడుస్తుంది?"

"అది అడక్కు బావా."

గ్యాసు ఎక్కింది. లోపలి పెట్టె మూత తెరుచుకుంది. ముందు పాత బట్టల వాసన, తర్వాత తడిమట్టి వాసన, ఆ తర్వాత చల్లటి గాలి ఆమె మొహానికి తగిలాయి. ఆమె కళ్లు మూసుకుని దిండుకి జారబడింది.

"వచ్చిందయ్యా," అంది. "ఏమయ్యా, వచ్చింది!"

మెకానిక్ సంచి సర్దుకున్నాడు. ఆమె టీ తాగి వెళ్లమంటే మళ్లీ వస్తాలే అక్కా అని వాకిలి దాటాడు. వీధి మలుపు దాకా ముడి అతనితో నడిచాడు.

"ఇంకో సంగతి," అన్నాడు మెకానిక్ నేల చూస్తూ. "వాడకుండా దాస్తే ఎక్కువరోజులు వస్తుందనుకోకు. ఇది సిలిండరు కాదు. నువ్వు వేసినా కారుతుంది, వెయ్యకపోయినా కారుతుంది. అందుకని చల్లగా వచ్చినన్నాళ్లూ వేసుకోండి."

ముడి తల ఊపాడు. ఇంటికి తిరిగొచ్చేసరికి ఆమె దుప్పటి మెడదాకా లాక్కుని, రిమోటు చేతికందించింది.

"ఆపెయ్."

"ఏం, చలేస్తోందా?"

"ఇంకా ఎండలు రాలేదుగా. ఇప్పట్నుంచీ వాడేసి దాన్ని అరగ్గొట్టడం ఎందుకు? ముదిరాక వేసుకుందాం. నా కాళ్లకి అప్పుడు కావాలి."

చెప్పాల్సింది అప్పుడే. దాచుకుంటే మిగలదే, ఉన్నప్పుడే వాడెయ్ అని ఒక్క ముక్క చెప్తే పోయేది. కానీ చెప్తే ఎందుకు మిగలదో చెప్పాలి. అసలెందుకు కుళ్లిందో చెప్పాలి. ఆమెకి అప్పటిదాకా ఎలుకలు కొరికాయనే చెప్పాడు. ఎవరు వాటికి ఇల్లు కట్టిచ్చారో చెప్పలేదు. ఆమె మొహం అలా కనపడి ఎన్నాళ్లయిందో. దాచుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాళ్ల మొహంలా ఉంది.

ముడి రిమోటు నొక్కాడు. గరగర ఆగిపోయింది.

ఆ తర్వాత రోజూ పనినుంచి రాగానే ఆమె గోడమీది పెట్టె వైపు గడ్డం ఎత్తి అడిగేది. "ఉందా లోపల చల్లగాలి?"

"ఉంది," అనేవాడు.

"జాగ్రత్తగానే ఉంచావుగా?"

"ఆఁ."

రెండు మూడుసార్లు ఏదో వంక పెట్టి వేద్దామని చూశాడు. "దుమ్ము పట్టేస్తుందే, కాసేపు వేస్తే పోతుంది," అన్నాడొకసారి. ఆమె రిమోటు దిండుకింద పెట్టుకుంది. "నీకు తొందరెక్కువ. పిల్లాడిలా," అంది. ఆమె చెయ్యి తీసి లాక్కోవడం ఎంతసేపు? లాక్కోలేదు. రోజులు గడుస్తున్నకొద్దీ, వేసి చూడాలంటే అతనికే భయం పట్టుకుంది. వెయ్యనంతవరకూ అది ఉన్నట్టే.

ఎండలు నెమ్మదిగా రాలేదు. ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. అంతకుముందురోజు సాయంత్రం కూడా గాలి వీచింది. మర్నాడు పొద్దున్నకే రేకులు టంగుటంగుమని సాగడం మొదలుపెట్టాయి. ముడి పనికెళుతూ, "ఇవాళ వేసుకోవే. మొహమాటపడకు," అన్నాడు. ఆమె సరేనంది. ఆ రోజు లోడులో పియానో ఉందని ఆమెకి ముందే చెప్పాడు. ముడికి తప్ప ఇంకొకరికి కట్టడం రాదు. కడుతున్నాడు గానీ చెవి ఫోను మీదే ఉంది.

మధ్యాహ్నం ఫోను మోగింది. పక్కింటి పిన్ని.

"ఏమయ్యా, ఎక్కడున్నావ్? కేకేస్తే పలకదేంటని వచ్చి చూశా. నేలమీద ఉంది. నేనొక్కదాన్నే లేపలేకపోతున్నా. రా."

తాడు అలాగే వదిలేసి పరిగెత్తాడు. ముడి వెయ్యకుండా పని వదిలేసి వెళ్లడం అదే మొదలు.

ఆమె వంటింటి గడప దగ్గర గోడకి జేరబడి ఉంది. చీర చెమటకి ఒంటికి అంటుకుపోయింది. పిన్ని విసనకర్రలా ఒక అట్టముక్క పట్టుకుని విసురుతోంది. గోడమీది పెట్టె గరగరమంటూనే ఉంది. ముడి దానికింద చెయ్యి పెట్టాడు. గాలి వస్తోంది. గదిలో ఉన్న గాలే, అంతే వేడిగా, తిరిగి గదిలోకే వస్తోంది.

"టీ పెట్టుకుందామని లేచా," అంది ఆమె. నాలుక మందంగా తిరుగుతోంది. "ఇక్కడికొచ్చేసరికి కాళ్లు లేవు."

అద్దాన్ని ఎప్పుడూ పడుకోబెట్టి మొయ్యకూడదు, నిలబెట్టే మొయ్యాలని గోడౌన్‌లో కొత్తగా చేరినవాళ్లకి ముడే చెప్తాడు. ఆమె చంకల కింద చేతులు వేసి నిలబెట్టాలని చూశాడు. మోకాళ్లు మడతపడిపోయాయి. మళ్లీ చూశాడు. ఎంతెంత పెద్ద అద్దాలనో నిలబెట్టినవాడికి ఈ ఒక్క మనిషిని నిలబెట్టడం చేతకాలేదు. చివరికి రెండు చేతుల మీదా పడుకోబెట్టి ఎత్తి, మంచం మీద దించాడు. ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. ఎవరూ ఎత్తి కూచోబెట్టక్కర్లేదన్న మాట ఆమె అన్నది పిన్నితోనే కదా. పిన్ని ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికెళ్లిపోయింది.

"గ్యాసు..." అని మొదలుపెట్టాడు ముడి. "అది దాచినా ఆగదంట. తమ్ముడు నాతో చెప్పాడు. నేనే..."

"తెలుసులే."

"ఏం తెలుసు?"

"మొన్నే వేసి చూశా, నువ్వు పనికెళ్లాక. ఉత్తగాలి వచ్చింది." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నువ్వొచ్చి ఉందన్నావు. సరేలే, ఉందనే అనుకుందాం అనుకున్నా."

"ఆ ఎలుకలు కూడా..."

"పిన్ని మేడమీంచి అంతా చూసింది కదయ్యా. నాకు చెప్పకుండా ఆవిడ నోట్లో నువ్వుగింజ నానుతుందా?"

అతనికి కూచోవాలనిపించలేదు. నిలబడాలనీ అనిపించలేదు. సందులోకి వెళ్లాడు. మూల పడేసిన బొంతల్లో కాస్త మంచిదాన్ని ఏరి, పంపు కింద ఉతికి, నీళ్లతోనే తెచ్చాడు. దాన్ని ఆమె మీద పరిచాడు. నీళ్లు మంచం కిందికి కారి నేలంతా పాకాయి. మెడ దగ్గర, పక్కల, పాదాల కింద అలవాటుగా అంచులు దోపుతున్నాడు. సందు లేకుండా, బిగువుగా. చేతులకి ఇంకో పని తెలియదు. ఆమె ఎడమచేత్తో అతని మణికట్టు పట్టుకుంది.

"కప్పు చాలు," అంది. "కట్టకు."

అతను దోపిన అంచులన్నీ ఒక్కొక్కటిగా లాగేశాడు.

పొద్దు వాలింది. రేకులు టంగుమంటూ మళ్లీ ముడుచుకున్నాయి. బయట గాలి తిరిగింది. ఆమె మాట కొంచెం తేటపడింది. నీళ్లు తాగింది. పియానో ఎవరు కట్టారని అడిగింది. చల్లబడగానే పోయినవి తిరిగి రావాలని డాక్టరు అన్నాడు. ముడి మంచం చివర నేలమీద కూచుని, బొంత కిందికి చెయ్యి పోనిచ్చి ఆమె పాదం అరచేతిలోకి తీసుకున్నాడు. వేళ్లకింద ఏ చిన్న అదురైనా తెలిసేలా, బరువు వెయ్యకుండా పట్టుకున్నాడు.

"కదుపు," అన్నాడు.

"కదుపుతున్నాగా," అంది.